తాత చేసిన ఆవిరి ఇంజను పట్టాల మీద కూర్చోడం లేదు

బిట్రగుంట మనవడు
మా తాత బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయినాడు. ఆ తర్వాత పొద్దుపోక రాగి, ఇత్తడి ముక్కలు పోగేసి బుల్లి ఇంజను ఒకటి చేసినాడు. బొమ్మ కాదు, నీళ్లు పోసి కింద స్పిరిట్ దీపం వెలిగిస్తే నిజంగానే నడిచేది. నా చిన్నప్పుడు పంచలో రెండు మూడు సార్లు చూసుండా. తాత పోయి పన్నెండేళ్లయింది. పోయిన నెల అటక దులుపుతా ఉంటే గోనెసంచిలో చుట్టిపెట్టింది దొరికింది.
ఆశ కొద్దీ ఏడు వేలు పెట్టి, మధ్య 45 మి.మీ. ఎడం ఉండే పట్టాలు తెప్పించినా. ఇంజను ఎక్కిస్తే చక్రాలు రెండూ పట్టాలకి అవతల పడుతుండాయి! సరే అని నేల మీద పెట్టి తోస్తే, చుట్టుకి ఒకసారి ఒకే చోట గట్టిగా పట్టేస్తా ఉంది. ఇంకొంచెం బలంగా తోస్తే టక్కుమని దాటుకుంటుంది. బాయిలరు చూసేదానికి బాగానే ఉంది, అడుగున మాత్రం ఎవరో అతుకేసినట్టు తెల్లటి మరక. వెనక తగిలించుకుందామని సన్‌బోర్డుతో ఒక రైలు పెట్టె చేసినా, అది వంకర పోయింది.
ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండబ్బా.

ఒంగోలు గిత్త
పట్టాలు వెనక్కి పంపెయ్. అక్కడ మొదలుపెట్టు.

బిట్రగుంట మనవడు
వెనక్కి తీసుకోరంట. అట్టపెట్టె చించినాను గదా.

గూడూరు జంక్షన్
ముందు అది ఏ ఇంజనో తేలాలి. పెద్ద చక్రాలు ఎన్ని? ముందు చిన్నవెన్ని, క్యాబు కింద ఎన్ని? పెద్ద చక్రం అడ్డకొలత, రెండు చక్రాల అంచుల మధ్య దూరం మి.మీ.లో కొలిచి పెట్టు. ముక్కు ఎలా ఉంది?

బిట్రగుంట మనవడు
పక్కకి మూడు పెద్ద చక్రాలు. ముందర రెండు చిన్నవి, వెనక ఒకటి. పెద్ద చక్రం 53 మి.మీ. ఉంది. పట్టా మీద కూర్చునే లెక్కన చూస్తే వెడల్పు 52కి పైన, 53కి లోపల. ముక్కు గుండ్రంగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని మీద నక్షత్రం గుర్తు. అది ఇత్తడి చెంబు అడుగు కోసి చేసినాడంట. ఆ చెంబు తనదని అవ్వ ఇప్పటికీ గొణుగుతా ఉంటుంది.

గూడూరు జంక్షన్
ముక్కు చెప్పగానే తెలిసిపోయింది. డబ్ల్యూపీ. 4-6-2, అంటే ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్య ఆరు పెద్దవి, వెనక రెండు. 1947లో అమెరికా నుంచి దిగింది, మన బ్రాడ్‌గేజి మీద మెయిళ్లూ ఎక్స్‌ప్రెస్‌లూ లాగింది అదే.

సూత్ మేస్త్రి
అబ్బయ్యా, నీ కొలతలు చూసి ఒళ్లు పులకరించింది. నేను నలభై ఏళ్లు లేత్ మీద బతికినోణ్ణి. మా తరం ఫిట్టర్లు మిల్లీమీటర్లలో ఆలోచించరు, సూత్‌లలో ఆలోచిస్తారు. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. ఇప్పుడు లెక్క చూడు. బ్రాడ్‌గేజి అయిదడుగుల ఆరంగుళాలు. అడుగుకి మూడు సూత్‌లు వేసుకుంటే పదహారున్నర సూత్‌లు, అంటే రెండంగుళాల పైన అర సూత్. మి.మీ.లో 52.4. డబ్ల్యూపీ పెద్ద చక్రం 67 అంగుళాలు, అదే లెక్కన 53.2. నీకు వచ్చింది 53.
మీ తాత కంటి కొలతతో చెయ్యలేదు నాయనా. అడుగుకి మూడు సూత్‌లని నిక్కచ్చిగా పట్టుకుని చేసినాడు. ఇంగ్లీషోళ్లు దాన్నే 1:32 అంటారు, అసలులో ముప్పై రెండో వంతు.

మైపాడు అల
ఇది చదివి నిజంగా కళ్లు తడిశాయి. స్కేలు పుస్తకాలు చూడకుండా ఆయనకి ఆయనే కనిపెట్టుకున్నాడు.

ఒంగోలు గిత్త
అంటే బజార్లో దొరికే 1:32 పట్టాలు సరిపోతాయిగా మరి?

గూడూరు జంక్షన్
అక్కడే ఉంది చిక్కు. బజార్లో 1:32 అని అమ్మే ఇంజన్లు కూడా 45 మీదే నడుస్తాయి, ఎందుకంటే అవి స్టాండర్డ్ గేజి బండ్లు, వాటి పట్టాల ఎడం 1435 మి.మీ. 45ని 32తో గుణిస్తే 1440. మనది 1676. విదేశీ పట్టాల మీద మన బ్రాడ్‌గేజి బండి పెట్టాలంటే ఇరుసులు కుదించాలి. హెచ్‌ఓలో, అంటే 1:87లో, చేసే మనవాళ్లందరం చేసే పాపమే అది. 19 పైన ఉండాల్సిన గేజి 16.5 మీద నడుపుతా, ముందు నుంచి చూస్తే బండి లుంగీ ఎగ్గట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది.

దొనకొండ వైపీ
బ్రాడ్‌గేజి వాళ్ల కష్టాలు వింటుంటే జాలేస్తంది. మా మీటర్‌గేజికి ఈ గోల లేదు. గేజి 1000 మి.మీ., పట్టా 45, స్కేలు సుమారు 1:22. సరిగ్గా సరిపోయిద్ది. గుంటూరు – గుంతకల్లు లైను మీటర్‌గేజిగా ఉన్న రోజుల్లో మా దొనకొండ షెడ్డు కళ చూడాల్సింది. నేను చేసేది వైపీ, మీటరు గేజి ఆవిరి ఇంజను. అసలు చక్రం నాలుగడుగుల ఆరంగుళాలు, నా దాంట్లో 61 మి.మీ.

గూడూరు జంక్షన్
మొదలెట్టాడు. ఏ చర్చలోకొచ్చినా మీటర్‌గేజి మీటింగే.

దొనకొండ వైపీ
మీ గూడూరు నుంచి రేణిగుంట ఒకప్పుడు ఏ గేజి బాబాయ్?

గూడూరు జంక్షన్
సరే సరే.

బిట్రగుంట మనవడు
మీ ఇద్దరూ తర్వాత కొట్టుకోండి. ఆ పట్టేసే సంగతి చెప్పండి సామీ. నూనె వేసినా తగ్గలా.

సూత్ మేస్త్రి
నూనె ఏం వేసినావ్?

బిట్రగుంట మనవడు
కొబ్బరి నూనె.

సూత్ మేస్త్రి
తలకి రాసుకో, ఇంజనుకి వద్దు. బేరింగులకి కుట్టుమిషను నూనె చాలు. సిలిండరు లోపలికి మాత్రం ఆవిరి నూనె, సిలిండర్ ఆయిల్ అని అడుగు, 460 గ్రేడు. పల్చటి నూనె వేడి ఆవిరికి కొట్టుకుపోతుంది, లోపల ఇత్తడి ఇత్తడిని కొరుక్కుంటుంది.
ఇక పట్టేసేది. చుట్టుకి ఒకసారి, ఎప్పుడూ ఒకే చోట అంటే నూనె జబ్బు కాదు. చక్రాలు ఇరుసు మీద జరిగినాయి. కుడి పక్క క్రాంక్ పిన్ను, అదే చక్రానికి రాడ్ తగిలే పిన్ను, పైన ఉంటే ఎడమ పక్కది తొంభై డిగ్రీల తేడాలో ఉండాల. మూడు ఇరుసులకీ అదే తేడా, వెంట్రుకవాసి కూడా మారకూడదు. ఒక్కటి జరిగితే చక్రాలన్నిటినీ కలిపే సైడ్ రాడ్ మిగతా రెండింటినీ పట్టేస్తుంది. సైడ్ రాడ్లు ఊడదీసి ఒక్కో ఇరుసునీ విడిగా తిప్పి చూడు. అన్నీ తేలిగ్గా తిరిగితే జబ్బు ఇదే.

బిట్రగుంట మనవడు
రాడ్లు తీసినా. మూడూ గిరగిరా తిరుగుతుండాయి. మధ్య ఇరుసులో ఎడమ చక్రం గట్టిగా పట్టుకుని తిప్పితే ఇరుసు మీద జారతా ఉంది!

సూత్ మేస్త్రి
దొరికినాడు దొంగ.

చీమకుర్తి రాయి
సరిచేసేదానికి చదునైన బల్ల కావాల. మా ఊళ్లో పాలిష్ చేసిన గ్రానైట్ వ్యర్థాలు ఊరికే ఇస్తారు. అడుగు నలుచదరం ముక్క తీసుకో, దానికన్నా చదునైంది నీ బడ్జెట్టులో దొరకదు. మీద రెండు వీ బ్లాకులు, అంటే వీ ఆకారం గాడి ఉన్న దిమ్మెలు, పెట్టి ఇరుసు ఆనించు. కుడి క్రాంక్ పిన్ను ఇరుసుకి నిట్టనిలువున ఉండేట్టు మూలమట్టంతో చూసుకో. ఎడమ పిన్ను ఎత్తు, ఇరుసు మధ్య ఎత్తు ఒకటవ్వాల, గ్రానైట్ మీద నుంచి కొలువు. బాగున్న రెండు ఇరుసులూ ముందు కొలువు, ఏ పక్కది ముందుకు ఉందో రాసుకో. ఎడమ ముందా కుడి ముందా అనేది తేడా వస్తే మళ్లీ అంతా మొదటికే.

ఒంగోలు గిత్త
ఇంత చదువు చదివే బదులు నీళ్లు పోసి అంటించి చూడొచ్చుగా. ఆవిరి బలానికి అదే దాటుకునిద్ది.

గూడూరు జంక్షన్
గిత్తా, నీకో దండం. పన్నెండేళ్లు అటకెక్కిన బాయిలరు, అడుగున గుర్తు తెలియని అతుకు. దాన్ని వెలిగించమంటావా? సేఫ్టీ వాల్వు పనిచేస్తదో లేదో కూడా చూళ్లేదు ఆయన.

ఒంగోలు గిత్త
కుక్కరు విజిలు పెడితే పోలా?

సూత్ మేస్త్రి
నవ్వులాట కాదు గానీ లెక్క చెబుతా. కుక్కరు బరువు చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్ల ఒత్తిడి దగ్గర లేస్తుంది. చిన్న ఊగే సిలిండరు బొమ్మలకి అది చాలు. ఈ సైజు ఇంజనుకి 40 దాకా కావాల. పైగా సేఫ్టీ వాల్వు బాయిలరు గట్టిగా ఉన్నప్పుడే కాపాడుతుంది. అతుకే వదులైతే 15 దగ్గరే ఊడొస్తుంది.

కరిపొగ
నా సంగతి చెబుతా, ఎవరికైనా బుద్ధొచ్చిద్దేమో. ఏడేళ్ల కిందట సింగరాయకొండలో మా డాబా మీద పట్టపగలు నడిపా. స్పిరిట్ మంట ఎండలో కనపడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ స్పిరిట్ పోశా. చేతి మీద వెంట్రుకలు పోయినయ్, అదృష్టం అంతవరకే. ఆ కంగారులో నీళ్లు అయిపోయింది చూళ్లేదు. బాయిలరు అతుకులు మామూలు సీసం టంకంతో వేసి ఉన్నాయని అప్పుడు తెలిసింది, చూస్తుండగానే అడుగు ఊడి పళ్లెంలో పడింది. సీసం టంకం 183 డిగ్రీలకే కరుగుద్ది. నీళ్లున్నంతసేపే దాని ప్రాణం.
ఇప్పుడు సాయంత్రం చీకటి పడ్డాకే వెలిగిస్తా. పక్కన తడిగుడ్డ, నీళ్ల బకెట్టు.

బిట్రగుంట మనవడు
కరిపొగన్నా, నువ్వు చెప్పింది చదివి చాకుతో ఆ తెల్ల మరక గీకినా. మెత్తగా, చాకుకి వెన్నలా వచ్చేసింది. మా నాయన్ని అడిగితే, తాత పోయినాక ఒకసారి కారతా ఉందని ఏదో వెల్డింగు కొట్లో ఇచ్చి అతికించుకొచ్చినాడంట.

కరిపొగ
సీసమే. వెలిగించకు.

లేత్ పక్కన ఆచారి
రాగి బాయిలరుకి వెండి టంకమే. మా కంసాలి పనిలో తాతల నాటి నుంచి ఉన్నదే. అతుకు శుభ్రం చేసి, వెలిగారం నీళ్లలో ముద్దగా కలిపి పూసి, మొత్తం వస్తువంతా ఎర్రబారే దాకా కాల్చి, అప్పుడు టంకం తాకించాలి. టంకాన్ని మంటతో కాల్చకూడదు, రాగి వేడికి అదే కరిగి సందులోకి పరిగెత్తాలి. పరిగెత్తేది కంటితో చూడొచ్చు, మెరుపులా ఉంటుంది. ఆరాక నల్లబడ్డదాన్ని నిమ్మ ఉప్పు నీళ్లలో వేస్తే గులాబీ రంగుకి వచ్చేస్తుంది.
రెండు సంగతులు మర్చిపోవద్దు. ఒకటి, కాడ్మియం కలిపిన టంకం తక్కువ వేడికి కరుగుతుందని చౌకగా దొరుకుతుంది, దాని పొగ ఊపిరితిత్తులకి విషం, కొనొద్దు. రెండోది, ఒకసారి సీసం తగిలిన చోట వెండి టంకం సరిగా పట్టదు. పట్టినట్టు కనిపించినా పెళుసుగా ఉండి తర్వాత చీలుతుంది. సీసం ఆనవాలు లేకుండా గీకాలి, లేదా ఆ ముక్క కోసి పారేసి కొత్తది వెయ్యాలి. నన్నడిగితే కొత్త బాయిలరే.

మైపాడు అల
కొత్తది చేస్తే అది ఇంకా తాత ఇంజనేనా?

గూడూరు జంక్షన్
నిజం రైలింజన్లకి కూడా బాయిలర్లు మార్చేవాళ్లమ్మా. షెడ్డుల్లో పనిచేసిన వాళ్లెవరినైనా అడుగు. ఇంజను అంటే చాసిస్సు.

మైపాడు అల
నేను ఒప్పుకోను. పాతది విప్పి అద్దాల బీరువాలో పెట్టాలి, కోసి పారెయ్యకూడదు. ఆ చెంబు ముక్కు మాత్రం కొత్త దానికి తగిలించాలి.
మనవడా, నీ పెట్టె సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నేను చెబుతా. నేను పెట్టెలే చేస్తా, ఇంజన్ల జోలికి పోను. సన్‌బోర్డు డాబా మీద ఎండలో పెట్టావా?

బిట్రగుంట మనవడు
రంగు ఆరుతుందని పెట్టినా.

మైపాడు అల
నెల్లూరు మే నెల ఎండలో సన్‌బోర్డు అప్పడమే. పైగా ఒక పక్కే రంగు వేసుంటావు, రంగు ఆరేటప్పుడు ఆ పక్కకి లాగుతుంది. గోడలకి ఒకటిన్నర మి.మీ. ప్లాస్టిక్ షీటు వాడు, లోపల ప్రతి కంపార్టుమెంటు దగ్గరా అడ్డగోడ నిలబెట్టు, వంకర పోదు. 1:32లో ఐసీఎఫ్ (పెరంబూరు ఫ్యాక్టరీ) పెట్టె బాడీ పొడవు 667 మి.మీ., వెడల్పు 101. చిన్న వస్తువు కాదది, మూరకన్నా జానెడు ఎక్కువ. కిటికీ అద్దాలు సూపర్ గ్లూతో అతికించొద్దు, తెల్లవారేసరికి అద్దాలకి బూజు పట్టినట్టు తెల్లటి పొర వస్తుంది. నాకు ఒక ఫస్ట్‌క్లాసు పెట్టె మొత్తం అలా పోయింది. తెల్ల ఫెవికాల్ చాలు, ఆరితే కనిపించదు.
పట్టాలు తప్పకుండా ఉండాలంటే ఒక బోగీ (పెట్టె కింద చక్రాల చట్రం) ముందుకీ వెనక్కీ మాత్రమే ఊగాలి, రెండో బోగీ అన్ని పక్కలకీ వదులుగా ఉండాలి. ముక్కాలి పీట లెక్క. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద కదులుతుంది, ముక్కాలి పీట ఎక్కడ పెట్టినా కూర్చుంటుంది కదా.

చీమకుర్తి రాయి
ముక్కాలి పీట పోలిక బాగుంది. బోగీ పక్క భాగాలు పోత పోయించాలంటే అచ్చుకి ఉదయగిరి చెక్క పనివాళ్లని అడగండి. చెంచాకి నగిషీ చెక్కే చేతికి స్ప్రింగు చెక్కడం ఓ లెక్కా.

ఒంగోలు గిత్త
సరే నేను తప్పుకుంటున్నా, బాయిలరు వెలిగించొద్దు. మరి ఇంజను ఎట్టా నడుపుద్ది ఈ అబ్బాయి?

సూత్ మేస్త్రి
గాలితో. ముందు గాలితో నడవని ఇంజను ఆవిరితో నడవదు.

బిట్రగుంట మనవడు
మూడు వారాల తర్వాత వస్తుండా. చెప్పాల్సింది చాలా ఉంది.
చీమకుర్తి నుంచి మా చుట్టాలాయన గ్రానైట్ ముక్క బస్సులో వేసి పంపినాడు. చక్రం ఊడదీసి, ఇరుసు శుభ్రం చేసి, బిగుసుకునే జిగురు వేసి, మూలమట్టం పెట్టి రాత్రి పదకొండు దాకా కూర్చున్నా. మొదటిసారి ఎడమా కుడీ తారుమారు చేసినా. రాయి అన్న చెప్పినట్టే రాసిపెట్టుకున్నా కాబట్టి జిగురు బిగిసేలోపల పట్టుకోగలిగినా. తెల్లారి రాడ్లు బిగించి తోస్తే... నున్నగా, ఎక్కడా పట్టకుండా పోయింది! ఒక్క తోపుకి వంటింట్లో నుంచి వరండా దాకా.
బాయిలరుకి నీళ్ల పరీక్ష కూడా పెట్టినా. లోపల గాలి బుడగ లేకుండా నిండా నీళ్లు పోసి, మా ఆర్.ఓ. మిషన్ బూస్టర్ పంపు తగిలించి, పక్కన ప్రెషర్ గేజి పెట్టినా. 80 దాకా పోదామని. 25 దగ్గరే అతుకు చెమట పట్టింది, 30కి సన్నగా ధార. అక్కడే ఆపేసినా.

సూత్ మేస్త్రి
శభాష్. నీళ్లతో పరీక్షించినావు కాబట్టి ధార వచ్చింది. అదే గాలి పట్టించి ఉంటే ముక్క ఎగిరి పడేది. నీళ్లు నొక్కుకుపోవు, లోపల బలం దాచుకోవు.

కరిపొగ
ఆర్.ఓ. పంపు ఐడియా ఎవరిది? నేను ఇన్నాళ్లూ పురుగుమందు స్ప్రేయరుతో కుస్తీ పడుతున్నా.

బిట్రగుంట మనవడు
ఫిల్టరు మార్చేదానికి వచ్చిన కుర్రాడిది అన్నా.
ఇప్పుడు గాలి కథ. సైకిలు పంపుతో కొడితే రెండు చుట్లు తిరిగి ఆగుతా ఉంది. స్కూటరు స్టెప్నీ నిండా గాలి కొట్టించి, దాని వాల్వు నుంచి సన్నటి గొట్టం వేసినా. గాలి వదిలితే ఇంజను వెనక్కి పోయింది! ముందుకి తోస్తే మళ్లీ ముందుకే పోయింది. ఇది ఏం విచిత్రం?

గూడూరు జంక్షన్
బయట కనిపించే వాల్వు రాడ్లు పీకి చూశావా? అవి దేనికీ తగిలి ఉండవు, అలంకారం.

బిట్రగుంట మనవడు
అవును! ఊరికే ఊగుతుండాయి. అసలుది లోపల ఇరుసు మీద ఉంది.

గూడూరు జంక్షన్
స్లిప్ ఎక్సెంట్రిక్, వాల్వుని ఆడించే బిళ్ల. ఇరుసు మీద వదులుగా కూర్చుంటుంది, ఒక పిన్ను తోసుకెళ్తుంది. నువ్వు ఏ దిక్కుకి ఒక చుట్టు తోస్తే ఆ దిక్కుకే నడుస్తుంది. క్యాబులో రివర్సు లివరు ఉండదు. మీ తాత తెలివైనవాడు, బయట డబ్ల్యూపీ ముఖం కోసం రాడ్లు పెట్టి, లోపల తేలికైన పని పెట్టుకున్నాడు.

బిట్రగుంట మనవడు
అందుకా, తాత ఎప్పుడూ ఒకసారి చేత్తో తోసి వదిలేవాడు! దిష్టి తీస్తున్నాడనుకునేవాణ్ణి.

దొనకొండ వైపీ
ఇది చాలు ఈ సంవత్సరానికి.

మైపాడు అల
వీడియో ఏదీ?

బిట్రగుంట మనవడు
తీస్తుండా అక్కా. మొదటిది పనికిరాలా. సిలిండర్లో ఎక్కువ పోసిన నూనె పొగగొట్టంలో నుంచి చిమ్మి అవ్వ చీర మీద పడింది. గంటసేపు తిట్టింది. ముందు చెంబు, ఇప్పుడు చీర అని. తర్వాత ఆమే వచ్చి, పొగ లేకుండా ఇంజనేందని పొగగొట్టంలో అగరుబత్తి గుచ్చి పోయింది. రెండో వీడియోలో అది కనిపిస్తుంది.
కొత్త బాయిలరు ఆచారి గారి దగ్గర చేయిద్దామనుకుంటుండా. నీళ్ల సంగతి కూడా చెప్పండి, మా బోరు నీళ్లు ఉప్పు.

లేత్ పక్కన ఆచారి
ఆదివారం చిన్నబజారుకి పట్టుకురండి, పాతది కొలతలు తీసుకుని తిరిగిచ్చేస్తా, కొయ్యను. బాయిలరుకి గొట్టాలూ వాల్వులూ బిగించే బుష్షులు ఇత్తడివి వద్దు, కంచువి తెచ్చుకోండి. ఇత్తడిలో జింకు వేడినీళ్లకి పోతుంది, కొన్నాళ్లకి గుల్లవుతుంది.

కరిపొగ
బోరు నీళ్లు పోస్తే నాలుగు నెలల్లో లోపల సున్నం గట్టుకుపోయిద్ది. వాన నీళ్లు పట్టి వడకట్టి దాచుకో. అక్టోబరు తర్వాత మీ నెల్లూరుకి వానలకేం కొదవ.

ఒంగోలు గిత్త
ఇంతకీ ఆ ఏడు వేల పట్టాలు ఏం చేస్తున్నావ్?

దొనకొండ వైపీ
నేనూ అదే అడుగుదామని. నా వైపీకి సరిగ్గా 45 కావాల. నాలుగు వేలు ఇస్తా.

బిట్రగుంట మనవడు
ఆరు.

దొనకొండ వైపీ
అట్టపెట్టె చించావుగా. నాలుగున్నర, కొరియరు నాది.

బిట్రగుంట మనవడు
అయిదు, మీ వైపీ నడిచిన రోజు వీడియో ముందు నాకే పంపాల.

దొనకొండ వైపీ
ఖాయం.